పశువులసాలలో పదహారు గొట్టాలు

ఇత్తడంటే ఇత్తడే కదా అనేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డెబ్బై దాటాయి, కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు, అయినా మండుతుంది. బియ్యం కొట్టుకు వెళ్ళి "బియ్యం ఇవ్వు" అని ఊరుకునే మనిషి మా జిల్లాలో ఒక్కడూ లేడు. పాతవా కొత్తవా, ఏ రకం, అన్నం ముద్దవుతుందా పొడిగా వస్తుందా అని అడిగి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి మరీ కొంటాడు. ఆ మనిషే ఇంటికి కుళాయిలు కొనబోయి, మెరుస్తోందా లేదా అని మాత్రం చూస్తాడు. మెరుపుదేముంది? కాస్త చింతపండూ ఇంత బూడిదా ఉంటే నేను సాయంత్రానికల్లా రేకు డబ్బానైనా మెరిపించి ఇస్తాను.

ఇత్తడి ఒక్కటి కాదు. నూటికి డెబ్బై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు జింకు కలిపితే ఒకటి. అది మెత్తన, చెప్పినట్టు వంగుతుంది. రాగి అరవై మూడుకు దించి జింకు పెంచితే ఇంకొకటి. చవక, పైకి చూస్తే తేడా తెలియదు, కానీ ఉప్పునీళ్ళు తగిలితే కొన్నేళ్ళకే అందులోని జింకు కరిగి జారిపోయి గులాబీరంగు రాగి గుల్ల మిగులుతుంది. గోరుతో గీరితే బెల్లం చెక్కలా రాలుతుంది. సీసం కలిపినది మరొకటి. లేతు మీద వెన్నలా తెగుతుంది, మరలకు బాగుంటుంది, వంచబోతే విరుగుతుంది. పైగా తాగే నీళ్ళలోకి సీసం దిగుతుందని తెలిసి కూడా దాన్నే కుళాయిలకు పోత పోసి అమ్ముతున్నారు, అడిగేవాడు లేడు. తగరం ఒక పాలు కలిపితే మిల్లుల్లో ఆవిరిని నీరుగా మార్చే గొట్టాలకు పనికొస్తుంది. డెబ్బై-ముప్ఫైలో చిటికెడు పాషాణం, అదే ఆర్సెనిక్, కలిపారా, ఉప్పునీళ్ళలో కూడా జింకు కదలదు. ఇంత తేడా ఉంటే, అన్నిటికీ కలిపి ఒకటే పేరు, ఒకటే మాట.

ఇవన్నీ నాకు ఏ కాలేజీ నేర్పలేదు. అయిదో తరగతితో బడి మానేశాను. మాది కంచరోళ్ళ ఇల్లు, బిందెలూ చెంబులూ కొట్టే ఇల్లు. ఆ సుత్తి చప్పుడు పడక, పద్దెనిమిదో ఏట బొబ్బిలి వైపు ఒక చక్కెర మిల్లులో హెల్పరుగా చేరాను, తరవాత ఫిట్టరునయ్యాను. పాత ఇనుప సామాను కొట్టులో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పదిహేను పేజీలు లేవు, ఎవరు రాశారో నాకు ఈనాటికీ తెలియదు. గొట్టాల గురించీ, వాటి లోహాల గురించీ. పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీకి వారం చొప్పున చదివాను. అర్థమైన చోట పెన్సిలుతో అంచున తెలుగులో రాసుకున్నాను. ఆ అంచు రాతల్లో ఒకటి ఈ కథకంతటికీ మూలం, తరవాత చెబుతాను.

ఒకసారి మిల్లులో కొత్తగా మార్చిన గొట్టం మీద గులాబీరంగు మచ్చ చూసి, ఇది ఉప్పునీటికి పనికొచ్చే రకం కాదు సార్ అన్నాను. ఇంజనీరు నవ్వి, "తోమించు, పోతుంది" అన్నాడు. తోమించాను. రెండు సీజన్లు తిరక్కుండానే ఆ గొట్టం నా చేతిలోనే పొడైంది. ఆయన అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఆ పొడి చాలాకాలం ఒక అగ్గిపెట్టెలో దాచుకున్నాను, ఆయన మళ్ళీ వస్తే చూపిద్దామని. రాలేదు.

రిటైరయ్యాక మా ఊరు వచ్చేశాను. రాజాం నుంచి ఎనిమిది మైళ్ళు. మా అక్క కూతుర్ని ఇచ్చిన ఇల్లు కూడా ఆ ఊళ్ళోనే, కంచరోళ్ళ వీధిలో. స్టీలు వచ్చాక బిందెలు కొనేవాళ్ళు పోయారు. నా మేనకోడలి మొగుడు సుత్తి వదిలేసి రాజాంలో ఆటో నడుపుతున్నాడు. ఇంటి వెనక పని పాక, బిందెలు ఆనించి కొట్టే ఇనుప దిమ్మ, అదే దాగలి, కొలిమి మాత్రం మిగిలాయి. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున్న నా మేనకోడలు వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మావా, గొట్టాలొంచడం నాకు నేర్పుతావేటి?"

"ఎందుకే నీకు?"

"దాగలి ఉన్నాది. కొలిమి ఉన్నాది. నాకు సేతులున్నాయి. ఇంకేటి కావాలి?"

నేర్పాను. గొట్టంలో పొడి ఇసుక దట్టించి, రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టి, చింతమొద్దును గుండ్రంగా చెక్కి దాని చుట్టూ మెల్లగా వంచాలి. ఇసుక వదులైతే ఒంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. నాకు ఏడాది పట్టిన విద్య ఆ పిల్లకు రెండు నెలల్లో వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ, నలభైకి దగ్గర. చిన్న చిన్న పనులు వచ్చాయి. మెట్లకు చేతికడ్డీ, హోటలుకు నీళ్ళ గొట్టం, డాబా మీద కుళాయి.

ఆమె అత్తకు మాత్రం ఇది గిట్టలేదు. అత్త అంటే నాకు చెల్లెలి వరస. మనిషి సన్నగా ఉంటుంది, నోరు పెద్దది. కోడలు పాకలో సుత్తి పట్టడమేమిటని మొదటినుంచీ అంటూనే ఉంది. ఆ దాగలి అమ్మేసి, పాక పడగొట్టి, కోడల్ని జీడిపిక్కల పనికి పంపాలని ఆమె లెక్క. కిందటి ఏడు పెద్ద పని వచ్చినప్పుడు అందరి ముందూ ఒక మాట అనేసింది.

"ఇదొక్కటీ సెయ్యి. బాగుందంటే నాను నోరెత్తను. తిరిగొచ్చిందంటే దాగలి బండెక్కుతాది. మరి మాటాడొద్దు."

నా మేనకోడలు సరేనంది. ఆ పెద్ద పని శ్రీకూర్మంలో ఒక సత్రానిది. యాత్రికులు కాళ్ళు కడుక్కునే చోట ఎనిమిది, స్నానాల దగ్గర ఎనిమిది, మొత్తం పదహారు గొట్టాలు. ఒక్కోటీ గోడలోంచి పైకి లేచి, హంసమెడలా వంగి, నీళ్ళు కిందికి పొయ్యాలి. ప్లాస్టిక్‌వి ఎండకు పెళుసెక్కి విరిగిపోతున్నాయి, ఇనుపవి సముద్రపు గాలికి తుప్పుపడుతున్నాయి. ఇత్తడివైతే బాగుంటాయని సత్రం వాళ్ళకే తట్టింది. కార్తీకమాసానికి నీళ్ళు రావాలన్నారు.

అక్కడి బోరు నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశాను. చప్పన కాదు, ఉప్పు తగులుతోంది. "డెబ్బై-ముప్ఫై, ఆర్సెనిక్ ఏసినది, ఇంకోటి వద్దు" అని నా మేనకోడలికి చెప్పి, రాజాంలో పైపుల కొట్టతనికి ఆ మాటే కాయితం మీద రాసి ఇచ్చాను. అతను విశాఖపట్నం నుంచి తెప్పించాడు. నా మేనకోడలు నెల తిరగకుండా పదహారూ వంచింది. ఒక్క నొక్కు లేదు. నేను కళ్ళజోడు పెట్టుకుని వెతికినా దొరకలేదు, దొరికితే బాగుండునని కూడా కాస్త అనుకున్నాను.

ఈలోగా వానలు పట్టుకున్నాయి. సత్రంలో గోడల పని ఆగిపోయింది. గొట్టాలు ఇంకో నెల ఆగాలన్నారు. పని పాక కురుస్తోంది. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మనుషులకే చాలవు.

"ఎక్కడ ఎట్టమంటావు మావా?" అనడిగింది.

"సాలలో కమ్మీల మీద ఎట్టు. మన తాతలనాటినుంచీ ఇత్తడి అక్కడే ఉండీది. కప్పు గట్టిగున్నాది, సుక్క కురవదు."

నిజమే. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ పశువులసాల కప్పు కింద అడ్డంగా కట్టిన కమ్మీలకే అమ్మకానికి వెళ్ళే బిందెలూ చెంబులూ వరసగా వేలాడేవి. కింద పశువులు, పైన ఇత్తడి. మా చిన్నప్పటినుంచీ కళ్ళారా చూసిందే. ఆ సాలలో ఇప్పుడు రెండు గేదెలున్నాయి. కమ్మీల మీద గోనెపట్టా పరిచి పదహారు గొట్టాలనూ పేర్చాం. వాన జల్లు కొట్టకుండా చుట్టూ తాటాకు తడికలు కట్టించింది నేనే.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం ఫోను.

"మావా, ఓపాలి రా."

"ఏటయిందే?"

"రా మావా. ఫోనులో సెప్పలేను."

వెళ్ళేసరికి పదహారు గొట్టాలూ పాక ముందు నేల మీద పరిచి ఉన్నాయి. నా మేనకోడలు వాటి పక్కన గొంతుక్కూర్చుంది. ఒకటి తీసి నా చేతికిచ్చింది. ఒంపు పక్కన, గొట్టం పొడుగునా, వెంట్రుకంత పగులు. ఎవరూ కొట్టలేదు, ఏదీ పడలేదు. ఇంకోటి తీశాను. అదే చోట, అదే పగులు. లెక్కపెడితే పదకొండు. తిన్నగా ఉన్న భాగంలో ఎక్కడా ఏమీ లేదు, ఒంపుల దగ్గరే అంతా.

అత్త గుమ్మంలోంచి చూస్తోంది. "నాను ముందే సెప్పినాను గదా. ఎవులిన్నారు నా మాట? ఒంచడం అందరికీ వస్తాది, నిలబెట్టడం రావాల." తరవాత నావైపు తిరిగింది. "ఏం అన్నయ్యా, నీ ఇంగిలీసు పుస్తకంలో ఏటి రాసున్నాది దీనికి?"

నాకు రక్తం నెత్తికెక్కింది. "ఆ పిల్ల ఒంపులో తప్పు నేదు. సరుకే దొంగ సరుకు. ఆడి సంగతి నాను సూసొస్తాను."

"సూడు, సూడు. ఈలోగా దాగలికి బండి మాటాడుకుంటాను."

నా మేనకోడలు తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది. అది చూడలేక పగిలిన గొట్టం ఒకటి సంచిలో పెట్టుకుని అప్పటికప్పుడు బస్సెక్కాను.

రాజాంలో పైపుల కొట్టు ముందు నలుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళందరికీ వినబడాలనే గట్టిగా అరిచాను. "ఏటయ్యా, డెబ్బై-ముప్ఫై అనీసి ఏటి అంటగట్టీసినావు మాకు? ఇది డెబ్బై-ముప్ఫై అయితే నాను కలెక్టర్ని."

కొట్టతను నాకంటే పాతికేళ్ళు చిన్న. లేచి స్టూలు జరిపాడు. "ముందు కూకోండి మేస్త్రీ. టీ తెప్పించనా?"

"నీ టీ నాకొద్దు. దీనికి జవాబు సెప్పు."

పగిలిన గొట్టం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతని మొహంలో భయం కనబడితే నాకు సంతోషంగా ఉండేది. కనబడలేదు. లోపలికి వెళ్ళి, నా చేతిరాత కాయితం, కంపెనీవాళ్ళు సరుకుతో పాటు పంపిన కాయితం రెండూ పక్కపక్కన పెట్టాడు. పాళ్ళు రాసి ఉన్నాయి. ఆర్సెనిక్ కూడా ఉంది.

"కాయితాలు నాకు సూపించకు. కాయితం మీద ఏదైనా రాస్తారు."

"అయితే కాయితం నమ్మకండి. ఆ కట్టలోవే ఇంకా నాలుగు గొట్టాలు మిగిలున్నాయి. రంపం ఇస్తాను, సుత్తి ఇస్తాను. కోసుకోండి, కొట్టుకోండి, మీ ఇష్టం."

కోశాను. వేలెడు ముక్క కోసి, అతని గుమ్మం మెట్టు మీదే పెట్టి, రెండు గోడలూ అంటుకునేదాకా సుత్తితో చదును చేశాను. దొంగ ఇత్తడైతే మడత దగ్గర పగలాలి. పగల్లేదు. ఇంకో గొట్టంలోంచి ఇంకో ముక్క. అదీ పగల్లేదు. సరుకు బంగారం. జనం చూస్తున్నారు.

"అది కూడా సూడండి," అని కొట్టతను తలుపు పైకి చూపించాడు. అక్కడ ఒక హంసమెడ వేలాడుతోంది. "మీ మేనకోడలు ఒంచి ఇచ్చిన నమూనా. వచ్చినోళ్ళందరూ ఎవులు సేసినారనీసి అడుగుతన్నారు."

దింపించి, చొక్కా అంచుతో తుడిచి, కళ్ళజోడు ముక్కు మీదికి లాగి వెతికాను. వెంట్రుకంత గీత కూడా లేదు. అదే కట్ట. అదే చెయ్యి. అదే చింతమొద్దు మీద, అదే వారంలో వంచినది. ఇది ఇక్కడ తలుపు మీద నిక్షేపంగా ఉంది, అవి అక్కడ పగిలాయి. మరి తేడా ఏమిటి? ఉన్న చోటే కదా తేడా.

బస్సులో ఎనిమిది మైళ్ళూ అదే ఆలోచన. దిగి తిన్నగా సాలలోకే వెళ్ళాను. పొద్దుటినుంచీ జల్లు పడుతూనే ఉంది. తడికలు కట్టడంతో లోపల గాలి ఆడటం లేదు. గేదెల ఉచ్చ ఘాటు కళ్ళలోకి కొట్టి నీళ్ళు తిరిగాయి. ఆ ఘాటు నాకు తెలుసు. ఎక్కడో తెలుసు. పశువులసాల అని కాదు, ఇంకెక్కడో. కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. మిల్లులో ఉన్నప్పుడు, సీజను కాని రోజుల్లో, సముద్రం ఒడ్డున చేపలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో గొట్టాలు మార్చడానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ సిలిండరు లీకైతే ఇదే ఘాటు. ముక్కులో ఇదే సూది.

ఇంటికి వెళ్ళి పుస్తకం తీశాను. ఆ పేజీ వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు, ఎందుకంటే అంచున నా రాత ఉంది. వంచిన ఇత్తడి, లాగిన ఇత్తడి అమ్మోనియా తగిలే చోట ఉండకూడదు, తేమ కూడా తోడైతే దానంతట అదే పగులుతుంది అని అచ్చులో ఉంది. దాని పక్కన, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో, ముప్ఫై అయిదేళ్ళనాటి నా తెలివి: "ఐసు ఫ్యాక్టరీలో ఇత్తడి వాడరాదు."

అంతే రాసుకున్నాను. అమ్మోనియా అంటే ఐసు ఫ్యాక్టరీ సిలిండరులో ఉండేదేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. పశువుల ఉచ్చలోంచి వచ్చే ఘాటు కూడా అదేనని చెప్పడానికి నాకు మాస్టారు లేడు, నేనూ ఎవర్నీ అడగలేదు. అడిగితే చిన్నతనమనుకున్నాను. ఇంజనీరు మచ్చ చూసి నవ్వాడని ఇన్నేళ్ళు తిట్టుకున్నానే, నేను చేసినది మాత్రం ఏమిటి? ఇన్నేళ్ళుగా ఆ వాక్యం నా ట్రంకు పెట్టెలోనే ఉంది, నేనే ఆ పిల్లతో గొట్టాలు సాలలో పెట్టమన్నాను, గాలి ఆడకుండా తడికలు కూడా కట్టించాను.

నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం వెళ్ళి చెప్పలేకపోయాను. మర్నాడు కూడా మధ్యాహ్నం దాకా గడప దాటలేదు. తరవాత ఆ పిల్ల అరచేతులు చూసుకోవడం గుర్తొచ్చి లేచాను. పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాను.

"సరుకు మంచిదే," అన్నాను.

నా మేనకోడలు తల దించుకుంది. "అయితే తప్పు నాదే."

"నీది కాదు. నీ ఒంపు రాజాంలో తలుపు మీద నిక్షేపంలా ఉన్నాది. సాలలో ఎట్టమన్నది ఎవులే?"

"నువ్వే."

"అదే. ఆ ఘాటుకి పగిలినాయి. ఈ పుస్తకంలో రాసున్నాది. నాను సదివినాను, తప్పుగా సదివినాను."

నన్ను తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె లేచి నిలబడి, పగిలిన గొట్టం ఒకటి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "అంటే నా ఒంపు బాగానే వచ్చిందన్నమాట," అంది. ఆ మాట మూడుసార్లు అంది.

అత్త పెరట్లోంచి వచ్చింది. అంతా విన్నట్టుంది. "ఏటి మాటలు సెప్తన్నావు అన్నయ్యా? సాలలో ఎడితే ఇత్తడి పగులుతాదేటి? మా మావ కొట్టిన బిందెలన్నీ ఆ సాలలోనే ఏలాడేవి. ఓ ఏడంతా ఉండేవి. ఒక్కటి పగిలిందా? తప్పు ఒప్పుకోనేక గేదెల మీద ఎడతన్నావా?"

ఆమె అన్నది నిజం. మా ఇంట్లోనూ పగల్లేదు. సుత్తి దెబ్బలు తిన్న ఇత్తడి, అదే ఘాటు, అదే వాన. పుస్తకం ప్రకారం అవీ పగలాలి కదా? కూలబడి పుస్తకం మళ్ళీ తెరిచాను. అదే పేజీ, కింది సగం. దాన్ని నేను ఎప్పుడూ పూర్తిగా విడదీయలేదు, మాటలు కష్టంగా ఉండి వదిలేశాను. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతుంటే, పని అయ్యాక సన్న సెగ మీద వేడి చెయ్యడం గురించి ఏదో ఉన్నట్టు తోచింది. పైకే అన్నాను. "పనయ్యాక సన్నసెగ…"

"ఊక," అంది అత్త.

"ఏటి?"

"ఊకలో ఎట్టడం. బిందె కొట్టడం అయ్యాక ఊకలో ఎట్టకుండా గుమ్మం దాటనిచ్చీవోడు కాదు మా మావ. దెబ్బలు తిన్న ఇత్తడికి లోపల కోపం ఉండిపోతాది, సల్లార్సి పంపాల అనీవోడు. ఆ పని నాదే. కాపరానికి వచ్చిన కాడినుంచీ నానే సేసీదాన్ని. మీరు సెయ్యనేదేటి?"

చెయ్యలేదు. నాకు ఆ పని తెలియక కాదు. మా అమ్మా చేసేది. పద్దెనిమిదేళ్ళ వయసులో, ఇదంతా మూఢనమ్మకం, ఊక దండగ అని మా నాన్న మొహం మీదే అని, ఆ కోపంలోనే మిల్లుకు వెళ్ళిపోయాను. నా మేనకోడలికి గొట్టాలు వంచడం నేర్పినప్పుడు ఊక మాటే ఎత్తలేదు. ఇత్తడి లోపల మిగిలిన ఆ బిగువును సన్నసెగ తీసేస్తుందని ఇప్పుడు అచ్చులో నా వేలి కింద ఉంది. సంతకం చెయ్యడం రాని మనుషులు దాన్ని ఊకతో సాధించారు.

"సెల్లెమ్మా," అన్నాను, "ఎంత సేపు ఎడతారు? ఎంత ఏడి?"

"ఎందుకు? నీ పుస్తకంలో నేదేటి?" అంది గానీ, ఆమె మొహం మారింది. చాలా ఏళ్ళుగా ఆమెను పాకలో ఏదీ ఎవరూ అడగలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి కోడలి వైపు తిరిగింది. "సూస్తావేటే? బియ్యం మిల్లు కాడ ఊక దొరుకుతాది, రెండు బస్తాలు తెప్పించు."

మర్నాడు పొద్దున్నే ఊక కుప్ప రాజేసింది. మంట రానివ్వలేదు. ఎర్రగా కుమిలి, పైన తెల్లబూడిద పట్టాక, బూడిద పరిచి తాటాకు ముక్క ఒకటి అందులో దోపింది. అది భగ్గుమంది. "ఎక్కువున్నాది. ఇప్పుడెడితే మెత్తబడిపోతాది." ఇంకాస్త బూడిద కలిపింది. రెండో తాటాకు నల్లబడింది. తల అడ్డంగా ఊపింది. మూడోది గోధుమరంగుకు తిరిగి, అంటుకోకుండా ఆగింది. "ఇదీ," అంది. పాత కట్టలో మిగిలిన గొట్టంలోంచి కోడలు అప్పుడే వంచిన ముక్కను ఆ బూడిదలో పడుకోబెట్టి కప్పింది. మధ్యాహ్నం దాకా ఉంచింది. తీసి చూస్తే రంగు కాస్త మాసింది, అంతే.

ఇక్కడ నేను ఒక పట్టు పట్టాను. నమ్మకంతో పని లేదు, పరీక్ష పెడదాం అన్నాను. నన్నే ముందు నమ్మొద్దన్నాను. కోడలు అదే గొట్టంలోంచి ఇంకోటి వంచింది, దీన్ని ఊకలో పెట్టలేదు. పెట్టిన దానికి తెల్లగుడ్డ, పెట్టని దానికి ఎర్రగుడ్డ కట్టి, రెంటినీ గేదెల పైన కమ్మీకి వేలాడదీశాం. రోజూ పొద్దున్న నేను వెళ్ళేవాణ్ణి. నాకంటే ముందు అత్త అక్కడ ఉండేది, పాలు పితికే వంకతో.

తొమ్మిదో రోజు నేను సాల గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె కేక. "ఓలమ్మో, ఒసే, ఇలా రాయే! బేగి రా!"

నా మేనకోడలు పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ఎర్రగుడ్డ గొట్టానికి ఒంపు పక్కన వెంట్రుకంత గీత. అత్త దాన్ని వేలితో తడుముతోంది. తెల్లగుడ్డది దింపి, కళ్ళజోడు పెట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూశాను. ఏమీ లేదు. ఇంకో పది రోజులు ఉంచాం. ఏమీ రాలేదు.

ఎర్రగుడ్డది పగిలిన రోజు మధ్యాహ్నమే నేను రాజాం వెళ్ళాను. పైపుల కొట్టు ముందు ఆ రోజుకంటే జనం ఎక్కువే ఉన్నారు. అంతే గట్టిగా అన్నాను, వాళ్ళకు వినబడేలా. "ఆ రోజు నాను అన్నది తప్పు. సరుకు మంచిది. మరో పదహారు గొట్టాలకి సరిపడా అదే రకం తెప్పించు."

కొట్టతను స్టూలు జరిపాడు. "టీ?"

"తాగుతాను," అన్నాను.

పగలని అయిదింటినీ కూడా పక్కన పడేయించాను, లోపల ఏం మొదలైందో ఎవరికి తెలుసు. పదహారూ కొత్తగా వంచింది నా మేనకోడలు. ఊక దగ్గర అత్త కూర్చుంది, తాటాకు ముక్కలు పక్కన పెట్టుకుని. ఈసారి గొట్టాలు సాలకు వెళ్ళలేదు, ఆమె సొంత మంచం కింద పెట్టుకుంది. "నాను కింద పడుకుంటాను గానీ వాటిని కదపకండి," అంది.

కార్తీకం ఇంకా మూడు రోజులుందనగా బిగించడం అయింది. మొదటిసారి నీళ్ళు వదిలినప్పుడు సత్రం మేనేజరు, "ఇవి ఎన్నాళ్ళుంటాయి?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరవబోయాను, నా మేనకోడలే చెప్పింది. ఈ నీళ్ళకు ఏ రకం ఇత్తడి వేశామో, ఎందుకు వేశామో, జింకు ఎలా జారుతుందో, ఆర్సెనిక్ చిటికెడు ఏం చేస్తుందో అన్నీ చెప్పింది. ఊక సంగతి వచ్చేసరికి, "అది మా అత్త పని, ఆవిణ్ణడగండి," అంది. అత్త అప్పటికే నాలుగో కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటోంది. ఒక కాలు అయ్యాక ఇంకో కాలు, మళ్ళీ మొదటిది, అవసరం లేకపోయినా.

దాగలి ఎక్కడికీ వెళ్ళలేదు. ఈ ఏడు వానలకు ముందే పాకకు కొత్త రేకులు పడ్డాయి. ఇప్పుడొక ఆస్పత్రి వాళ్ళ వేడినీళ్ళ గొట్టాల పని నడుస్తోంది. ప్రతి కట్టలోంచీ ఒక ఒంపు తీసి సాలలో గేదెల పైన వేలాడదీయడం ఆ ఇంట్లో ఇప్పుడు రివాజు. అది పగలకుండా పదిహేను రోజులు నిలిస్తేనే మిగిలినవి గుమ్మం దాటుతాయి. ఆ సంగతి చూసేది అత్త. మొన్న ఫోను చేసింది.

"అన్నయ్యా, ఆస్పత్రి గొట్టం బాగానే ఉన్నాది. పదిహేనో రోజు. పంపీమంటావా?"

"నన్నెందుకు అడగతావు? నువ్వు సూసినావు కదా."

"సూసినాను. అయినా నీ పుస్తకం కూడా ఓపాలి సూసీ."

తీసి చూశాను. అంచున ఐసు ఫ్యాక్టరీ మాట అలాగే ఉంది, కొట్టెయ్యలేదు. దాని కింద ఊక సంగతీ తాటాకు రంగూ నేను రాసి ఉంచాను. ఆ కింద ఇంకో చేతిరాత ఉంది, పుస్తకం ఎప్పుడో పట్టుకెళ్ళి తెచ్చినప్పుడు నా మేనకోడలు రాసినట్టుంది: "గేదెల సాల కూడా. మావని అడగాలి: మేకల సాల?"

మేకల సంగతి నాకు తెలియదు. రేపు ఒక ఒంపు తీసుకుని, మా వీధి చివర మేకలున్న ఇంటికి వెళ్ళి అడుగుతాను, కమ్మీకి వేలాడదీసుకోనిస్తారేమో.